మా రోజుల్లో బీపీ లేదన్నదెవరు?

నా ఈడు వాళ్లు నలుగురు రావిచెట్టు చప్టా మీద చేరితే చాలు, ఒకటే మాట. "మా రోజుల్లో ఈ బీపీలూ షుగర్లూ ఎక్కడున్నాయిరా! కడుపునిండా తిన్నాం, ఒళ్లొంచి పనిచేశాం, రాళ్లు తిని అరిగించుకున్నాం." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఉద్యోగమంతా గోదావరి డెల్టాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కాంపౌండరుగా చేసినవాణ్ణి. మా రోజుల్లో ఏముందో ఏం లేదో నాకు తెలుసు. బీపీ ఉంది. శుభ్రంగా ఉంది. లేనివల్లా దాన్ని చూసే మిషనూ, చూడాలన్న ధ్యాసానూ.

పొద్దున్నే నీరు కట్టడానికి వెళ్లి చేను గట్టు మీదే కూలిపోయిన మోతుబరి రైతును నేనెరుగుదును. మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో వాలి మళ్లీ లేవని కరణం గారిని ఎరుగుదును. మూతి వంకరపోయి, కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయి, ఏళ్ల తరబడి మంచంలోనే ఉండి కోడళ్ల చేత చాకిరీ చేయించుకోవాల్సి వచ్చిందని కన్నీళ్లు పెట్టుకున్న పెద్దమ్మల్ని ఎంతమందినో ఎరుగుదును. ఊరు ఏమనేది? రైతుకు గాలి సోకిందనేది. కరణం గారు పుణ్యాత్ముడు, ఎవరిచేతా చేయించుకోకుండా పోయాడనేది. పెద్దమ్మకు పావురం రక్తం రాసి తోమమనేది. పోయినవాళ్లకు యాభై అయిదేళ్లుంటే "వయసు మీదపడింది కదా" అని సరిపెట్టుకునేవాళ్లం. యాభై అయిదు చావాల్సిన వయసా?

ఇది నా ఒక్కడి ఊహ కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో, పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఎవరు దేనివల్ల పోయారో ఆరా తీసి లెక్క కట్టారు. చావుల్లో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవల్ల. పక్షవాతం అందులోదే. అంటురోగాల వాటా నూటికి పన్నెండు. అప్పటికీ మేం కలరా వస్తుందేమో, మలేరియా వస్తుందేమో అనే భయపడుతున్నాం. పల్లెలో ఒళ్లొంచి పనిచేసేవాడికి గుండెజబ్బు రాదన్న నమ్మకం ఆ ఊళ్ల లెక్కల ముందు నిలవలేదు. చప్టా మీద కబుర్లు చెప్పే మా వాళ్లకు ఆ సంగతి చెబితే వినరు. వాళ్లు బతికిపోయారు కనక మాట్లాడుతున్నారు. పోయినవాళ్లు వచ్చి చెప్పరు కదా.

బీపీ చూసే విద్య మా రోజుల నాటికి కొత్తదేమీ కాదు. చేతికి పట్టీ కట్టి గాలి కొట్టే పద్ధతిని ఇటలీ డాక్టరు రివా-రోచి 1896లో చెప్పాడు. మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు ఆనించి చప్పుడు మొదలైన చోట పై అంకె, ఆగిన చోట కింది అంకె చూడాలని రష్యా సర్జన్ కొరొట్కోవ్ 1905లో చెప్పాడు. అయినా మా ఆస్పత్రిలో ఉన్నది ఒకే ఒక పాదరసం మిషను. అది డాక్టరు గారి బల్ల మీంచి కదిలేది కాదు. దానికింద చెయ్యి పెట్టే అదృష్టం ఎవరికి? అప్పటికే పడిపోయి ఎడ్లబండి మీద వచ్చినవాళ్లకు. మాకు నెలనెలా పైకి పంపే రిపోర్టులుండేవి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఎన్ని, మలేరియా స్లైడ్లు ఎన్ని, క్షయ ఎందరికి, కుష్టు ఎందరికి. బీపీకి ఆ కాగితంలో గడి లేదు. గడి లేని జబ్బును ఎవరు వెతుకుతారు? గుండెజబ్బులు, షుగరు, క్యాన్సరు, పక్షవాతాలకని దేశం మొత్తానికి ఒక కార్యక్రమం పెట్టింది 2010లో. అప్పటికి నేను రిటైరయ్యాను.

పోనీ తెలిసినా ఏం చేసేవాళ్లం? అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 1944లో బీపీ 186/108 అని డాక్టర్లు రాసుకున్నారు. అంతటివాడికీ ఇవ్వడానికి సరైన మందు లేదు. 1945 ఏప్రిల్‌లో మెదడులో నరం చిట్లి పోయాడు. ఆ రోజు బీపీ 300/190. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1949లో, బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధి వేరుతో బీపీ తగ్గుతుందని రోగుల మీద చూసి బ్రిటిష్ పత్రికలో రాశాడు. ప్రపంచమంతా ఆ వేరు వెంట పడింది. మేం మందుల గదిలో లెక్కపెట్టి ఇచ్చిన అడెల్ఫేన్ బిళ్లలో ఉన్నది ఆ వేరులోంచి తీసిన మందే. బీపీ తగ్గించేది, నిజమే. ముక్కు దిబ్బడ, మత్తు, కొందరికి అంతుపట్టని దిగులు కూడా తెచ్చేది. తర్వాత డెపిన్ గొట్టాలు వచ్చాయి. బీపీ ఎక్కువుందంటే గుండుసూదితో పొడిచి నాలుక కింద పిండేవాళ్లు. బీపీ ఒక్కసారిగా జారిపోయి కొందరికి మెదడుకో గుండెకో రక్తం అందక ప్రమాదమని తేలాక ఆ పద్ధతి మానేశారు. ఇవీ మా రోజులు.

ఇప్పుడు చూడండి. రోజుకొక్క బిళ్ల. పగలు మత్తుగా ఉండదు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఊరికే ఇస్తారు. మిషను మెడికల్ షాపులో ఉంది, పక్కింట్లో ఉంది, బ్యాంకులో పనిచేసే అబ్బాయి అమ్మానాన్నలకని కొని పంపిన పెట్టెలో ఉంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వేసిన లెక్క ప్రకారం మన దేశంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్య బీపీ ఉన్నవాళ్లు 18 కోట్ల 80 లక్షల మంది. వాళ్లలో జబ్బు బయటపడింది నూటికి 37 మందికే. అదుపులో ఉన్నది నూటికి 15 మందికి. మన రెండు రాష్ట్రాల సంగతి కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది. 2019-21 నాటికి పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో తెలంగాణలో సుమారు 31 శాతం, ఆంధ్రలో 29 శాతం మందికి బీపీ ఎక్కువ. ఆడవాళ్లలో 26, 25. దేశం మొత్తం మీద మగవాళ్లలో 24, ఆడవాళ్లలో 21. మనం దేశం కంటే ముందున్నాం, ఇందులో.

నా కోపమంతా ఇక్కడే. మా వాళ్లు తెలుసుకునే దారిలేక పోయారు. మీకేమొచ్చింది?

కారణం అడిగితే చెప్పే మొదటి మాట, "నాకేం లేదండీ, బాగానే ఉన్నాను." బాగానే ఉంటారు. ఈ జబ్బు పద్ధతే అది. గోదావరి కాలువ గట్టును ఎలకలు లోపల్నించి తవ్వేస్తున్నా పైన గడ్డి పచ్చగానే ఉంటుంది. గండి పడిన రోజే ఊరికి తెలుస్తుంది. ఒత్తిడి ఎక్కువైన రక్తం ఏళ్ల తరబడి గుండె గోడను మందం చేస్తుంది, మెదడులోని సన్నటి నాళాలను పెళుసు చేస్తుంది, మూత్రపిండాల్లో వడపోతను చెడగొడుతుంది, కంటిపొరను దెబ్బతీస్తుంది. తలనొప్పి రాదు, కళ్లు తిరగవు. వచ్చిందాకా ఆగుదామంటే వచ్చేది పక్షవాతమే కావచ్చు.

రెండో మాట, "నాకు కోపం రాదు, నాకు బీపీ ఏంటి?" కోపానికీ దీనికీ ముడిపెట్టింది ఎవరో గాని చాలా చెరుపు చేశారు. కోపమొస్తే ఎవరికైనా కాసేపు పెరుగుతుంది, దిగుతుంది. దిగకుండా ఉండిపోయేదే జబ్బు. గుళ్లో పురాణం చెప్పే శాంతమూర్తికీ ఉంటుంది. బక్కపలచగా ఉన్నవాడికీ ఉంటుంది. ఇక కళ్లు తిరిగితే చాలు "లో బీపీ" అని తమకు తామే తేల్చేసుకుని ఉప్పు వేసిన నిమ్మరసం గ్లాసులు గ్లాసులు తాగేవాళ్లున్నారు. మిషను పెట్టి చూస్తే 170 ఉన్నవాళ్లను నేను చూశాను.

మూడోది అన్నిటికంటే బాధపెట్టే మాట. డాక్టరు అడుగుతారు, "మీ ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా?" కుర్రాడు తడుముకోకుండా "లేదండీ" అంటాడు. వాడి తాత చేను గట్టు మీద పడిపోయినవాడు. వాడి నాయనమ్మ మూతి వంకరపోయి మంచాన పడినావిడ. వాళ్లకు ఎవరూ చూడలేదు, పేరు పెట్టలేదు, కాగితం మీద రాయలేదు. అందుకని మనవడి దృష్టిలో ఆ ఇంట్లో బీపీ లేదు. తల్లిదండ్రులకుంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ అని వైద్యం తెలిసిన వాళ్లంతా చెబుతారు. కాని తల్లిదండ్రులకు ఉందని తెలిస్తేగా! అందుకే చప్టా మీద మా వాళ్లు "మా రోజుల్లో లేదు" అంటే నేను ఊరుకోను. ఆ మాట ఉత్త గొప్ప కాదు, మనవళ్లకు హాని. ఇంట్లో పెద్దవాళ్లు ఎలా పోయారో కూర్చుని అడగండి. "నిద్రలో పోయాడు", "మాట పడిపోయింది", "కాళ్లు వాచి ఆయాసంతో పోయింది" అని చెబితే డాక్టరుకు అది అలాగే చెప్పండి. మిగతాది ఆయన చూసుకుంటారు.

ఉప్పు సంగతికి వస్తే మా తరమూ తక్కువ తినలేదు. చద్దన్నంలో ఉప్పు, గంజిలో ఉప్పు, వేసంగికి పెట్టిన ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, వడియాలు, అప్పడాలు, కూర లేని పూట ఉప్పుచేప. చెమటలో కొంత పోయేదనుకుందాం. ఇప్పుడు చెమట లేదు, ఆవకాయ ఉంది. దాని పైన సాయంత్రం మిక్చరు, చిప్సు, బేకరీ పఫ్పు, రెండు నిమిషాల నూడుల్సు, ఆదివారం బిర్యానీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములు దాటొద్దంటుంది. అంటే ఒక టీ చెంచాడు, వంటలోది, పచ్చట్లోది, పొట్లాల్లోది అన్నీ కలిపి. మన ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్ల మూత్రం పరీక్షించి కట్టిన లెక్క 2017లో అచ్చయింది: రోజుకు తొమ్మిదిన్నర గ్రాములు దగ్గర దగ్గర. ఢిల్లీ, హర్యానా వాళ్ల కంటే మనమే ఎక్కువ. పెరుగన్నంలో ఉప్పు కలుపుకోవడం, పక్కన పచ్చడి నంజుకోవడం, పళ్లెం పక్కన మళ్లీ చిటికెడు పోసుకోవడం: ఒక్క ముద్దకు మూడుసార్లు ఉప్పు. ఇందులో కనీసం పళ్లెం పక్కన పోసుకునేది మానండి. నెలరోజుల్లో నాలుక అలవాటు పడుతుంది.

సైంధవ లవణమైతే బీపీ రాదని ఇప్పుడు కొత్తగా అమ్ముతున్నారు. అదీ సోడియమే. రంగు మారినంత మాత్రాన రక్తానికి తేడా తెలియదు, పైగా అందులో చాలావరకు అయోడిన్ కలిపి ఉండదు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పులు వేరే ఉన్నాయి, అవి మేలే. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా వాటి జోలికి పోకూడదు.

మోకాళ్ల నొప్పుల మాత్రల గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. మందుల గదిలో బతికినవాణ్ణి కదా. ఊళ్లో యాభై దాటిన ఆడవాళ్లలో సగంమంది మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ల తెచ్చుకుని మింగుతున్నారు. డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవేసి బీపీ పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, అప్పటికే వాడుతున్న బీపీ మందు పనిని చెడగొడతాయి. మా రోజుల్లో నొప్పి బిళ్ల కావాలంటే చీటీ ఉండాలి, నాతో నాలుగు చీవాట్లు తినాలి. ఆ చీవాట్లలో మేలుండేది. ఇప్పుడు పది బిళ్లల పట్టీ చేతిలో పెట్టి పంపేస్తున్నారు.

ఆడవాళ్ల విషయమే ఇంకొకటి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి మూర్ఛలు రావడాన్ని మావైపు గుర్రపువాతం అనేవాళ్లు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయిన ఇళ్లు నాకు తెలుసు. ఇవాళ ఏఎన్ఎం నెలనెలా చూస్తోంది, ఎక్కువుంటే పెద్దాస్పత్రికి పంపుతోంది. ఈ ఒక్క విషయంలో ఇప్పటి రోజులకు చేతులెత్తి నమస్కారం పెడతాను. కాని పురుడు పోసుకున్నాక ఆ అమ్మాయి బీపీని మళ్లీ ఎవరైనా చూస్తున్నారా? గర్భంలో బీపీ వచ్చినావిడకు ముందుముందు మామూలు బీపీ, గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. బారసాలతో ఆ సంగతి ఇల్లంతా మరిచిపోతుంది.

హైదరాబాదులో పనిచేసే మా తమ్ముడి కొడుక్కి ముప్పై నాలుగేళ్లు. రాత్రి రెండింటిదాకా కంప్యూటరు ముందు కూర్చుంటాడు, పొట్ట పెరిగింది, పడుకుంటే గురక పక్క గదికి వినిపిస్తుంది. గురక పెట్టి పెట్టి ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నాడంటే అదీ బీపీకి ఒక కారణమే అని చెప్పాను. "పెదనాన్నా, నాకింకా ఆ వయసు రాలేదు" అన్నాడు. ఏ వయసు? ముప్పై దాటిన ప్రతివాళ్లకూ చూడమని ప్రభుత్వమే అంటోంది. వారాంతంలో తాగుడు, రోజూ సిగరెట్లు, నిద్ర లేకపోవడం, ఒళ్లు కదలకపోవడం ఇవన్నీ ఒక్క మనిషిలో చేరి ఉంటే ఇంకా దేనికోసం ఎదురుచూడాలి?

చూసే తీరులోనూ ఇప్పుడు అంతా హడావిడే. మా డాక్టరు గారు ముందు మనిషిని కూర్చోబెట్టేవారు. కాసేపు ఊరు, పేరు, పంటల సంగతి అడిగి, తర్వాత అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఉండమనేవారు. చొక్కా చెయ్యి పైకి మడిపించి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టించి, ముందు నాడి పట్టుకుని పట్టీకి గాలి కొట్టి, నాడి ఎక్కడ అందకుండా పోతుందో చూసుకుని, అప్పుడు స్టెతస్కోపు ఆనించేవారు. మొదటిసారి వచ్చినవాళ్లకు రెండు చేతులకూ చూసేవారు. ఇప్పుడు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవాడికి, ఫోను మాట్లాడుతున్నవాడికి, చొక్కా మీదనే పట్టీ చుట్టి, చెయ్యి గాల్లో వేలాడుతుండగా మీట నొక్కి అంకె రాసేస్తున్నారు. మూత్రం ఆపుకుని కూర్చున్నా, అరగంట లోపు కాఫీయో సిగరెట్టో తాగినా, లావు చేతికి చిన్న పట్టీ కట్టినా అంకె పెరిగి కనిపిస్తుంది. ఆస్పత్రి అంటేనే కొందరికి పెరుగుతుంది. అందుకే ఒక్కసారి చూసి బీపీ ఉందనకూడదు, లేదనీ అనకూడదు. వేరువేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూసి, 140/90 దగ్గరో పైనో ఉంటే అప్పుడు జబ్బు కింద లెక్క. ఇంట్లో చూసుకుంటే ఆ గీత 135/85. ఇంటికి కొనేటప్పుడు జబ్బకు కట్టే మిషనే కొనండి, మణికట్టుకు పెట్టుకునేవి అంత నిలకడగా చూపవు.

తెలిశాక కూడా ఇంకో గొడవ. "మాత్ర మొదలుపెడితే జన్మంతా మింగాలటగా" అని మొదలే పెట్టరు. మొదలుపెట్టినవాళ్లు అంకె 130కి దిగగానే "తగ్గిపోయింది" అని మానేస్తారు. తగ్గించింది ఆ మాత్రే కదండీ! పై అంకె ఒక్క 10 తగ్గితే పక్షవాతాలు నాలుగో వంతుకు పైగా తగ్గుతాయని లక్షలమంది మీద జరిగిన పరీక్షలను కలిపి చూసి 2016లో తేల్చారు. అడెల్ఫేనుతో ముక్కు దిబ్బడేసుకుని కూడా క్రమం తప్పకుండా వాడిన రైతులను చూసిన కళ్లతో, ఇవాళ అంత ఇబ్బంది పెట్టని మాత్రను డబ్బాలో ఎండబెట్టడం చూడలేకపోతున్నాను.

ఇక ప్రభుత్వానికి ఒక మాట. బీపీని వెతికి పట్టుకుని మందులు ఆగకుండా ఇచ్చే కార్యక్రమం 2018 ప్రాంతంలో అయిదు రాష్ట్రాల్లో మొదలైతే వాటిలో తెలంగాణ ఒకటి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇంటింటికీ వస్తున్నారు. మంచిదే. కాని వాళ్లు వచ్చేది పగలు పదకొండింటికి. ఆ వేళకు ఇళ్లల్లో ఆడవాళ్లూ ముసలివాళ్లే ఉంటారు. బీపీ ఎక్కువున్న మగవాళ్లు ఆటో స్టాండులో, రైసుమిల్లులో, చేపల చెరువుల మీద ఉంటారు. వాళ్ల పేర్ల ఎదురుగా "ఇంట్లో లేరు" అని రాసి వెళ్లిపోతున్నారు. మిషను వాళ్లున్న చోటికి వెళ్లాలి, వాళ్లు పనిలోకి దిగక ముందు. చెరువులకు వెళ్లే కుర్రాళ్లంతా ఉదయం ఆరింటికి మా సెంటర్లో టీ బడ్డీ దగ్గరే పోగవుతారు. అక్కడ, ఇంకా టీ తాగకముందే, ఒక బల్ల, వెనక ఆనుకునే కుర్చీ, రెండు సైజుల పట్టీలు, వచ్చే వారం ఎవరిని మళ్లీ చూడాలో రాసుకోవడానికి ఒక రిజిస్టరు చాలు. మందుల గది తాళం కూడా ఆ పూట ఏడింటికే తీయించాలి. మాత్రల కోసం పదింటిదాకా ఉండమంటే రోజు కూలి పోతుందని ఎవరూ ఉండరు.